పురి విప్పిన తోడుపెద్ద

అనగనగా కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో రాజు లేడు. జంతువులన్నీ కలిసి ఒక పెద్దను ఎన్నుకునేవి. పెద్దగా నిలబడాలనుకున్నవారు తమ పక్కన ఒక తోడుపెద్దను కూడా చూపించాలి. పెద్దకు ఏదైనా అయితే అడవి బాధ్యత తోడుపెద్దదే. ఆ మాట చిన్న కుందేలు పిల్లకు కూడా తెలుసు.

ఆ ఏడు దుప్పి కొమ్మన్న పెద్దగా నిలబడ్డాడు. కొమ్మన్న చెడ్డవాడు కాదు. ధైర్యం ఉంది, దయ ఉంది. అతనికి పోటీగా అడవిపంది నిలబడింది. ఇద్దరి వైపూ నిలిచేవాళ్లు సమానంగా ఉన్నారు. అందుకని తోడుపెద్దగా ఎవరిని పెట్టుకోవాలా అని కొమ్మన్న ఆలోచనలో పడ్డాడు.

మొదట కొండముచ్చు లింగన్న వచ్చాడు.

"కొమ్మన్నా, నన్ను పెట్టుకో. నువ్వు పగలంటే పగలంటాను, రాత్రంటే రాత్రంటాను. నీ మాటకు ఎన్నడూ అడ్డు చెప్పను" అన్నాడు.

"ఆలోచిస్తాను" అన్నాడు కొమ్మన్న.

తర్వాత ఎలుగుబంటి జగ్గమ్మ వచ్చింది. వాగు పొంగిన ఏడు అందరినీ గట్టు దాటించింది ఆవిడే.

"నేను వస్తాను. కానీ ఒక సంగతి ముందే చెబుతున్నా. నువ్వు తప్పు చేస్తే అందరి ముందే తప్పంటాను. తర్వాత బాధపడకూడదు" అంది.

కొమ్మన్న మొహం ముడుచుకున్నాడు. "ఆలోచిస్తాను" అన్నాడు.

చివరికి నెమలి రంగప్ప దగ్గరికి కొమ్మన్నే స్వయంగా వెళ్లాడు. రంగప్ప పురి విప్పితే అడవిలోని పక్షులన్నీ వచ్చి వాలేవి.

"నాకు తోడుపెద్దగా ఉంటావా?" అని అడిగాడు.

రంగప్ప ఆశ్చర్యపోయాడు. "ఉంటాను గానీ, నేనేం చేయాలి?"

"ఏమీ చేయనక్కర్లేదు. నా పక్కన నిలబడి పురి విప్పు. అంతే."

చూశారా పిల్లలూ? అడవినంతా కాపాడాల్సిన వాడితో చెప్పిన మాట అది.

జగ్గమ్మకు ఈ సంగతి తెలిసింది. నేరుగా కొమ్మన్న దగ్గరికి వచ్చింది.

"నన్ను వద్దనుకున్నావు, సరే. దానికి నాకేం బాధ లేదు. కానీ రేపు నువ్వు మంచాన పడితే మా అందరినీ రంగప్ప నడిపించగలడా?"

"నాకేమవుతుంది జగ్గమ్మా? రాయిలా ఉన్నాను" అని కొమ్మన్న నవ్వాడు. "ముందు గెలవనీ. తర్వాత సంగతి తర్వాత."

ఎన్నిక రోజున రంగప్ప పురి విప్పాడు. అనుకున్నట్టే పక్షులన్నీ వచ్చి కొమ్మన్న వైపు నిలబడ్డాయి. కొమ్మన్న గెలిచాడు.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు కొమ్మన్న కొండ చరియ మీద నడుస్తుంటే కాలు జారింది. కింద పడి ముందుకాలు విరిగింది. జ్వరం వచ్చి, ఒంటిమీద తెలివి లేకుండా గుహలో పడి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే పడమటి వైపు వెదురు పొదలు అంటుకున్నాయి. పొగ కమ్ముకుంది. జంతువులన్నీ పిల్లల్ని వెంటేసుకుని రంగప్ప దగ్గరికి పరుగెత్తాయి.

"తోడుపెద్దా, ఎటు పోదాం?"

రంగప్ప అటూ ఇటూ చూశాడు. "కొమ్మన్న లేచాక అడుగుదాం" అన్నాడు.

మంట దగ్గరికి వచ్చింది. జగ్గమ్మ ముందుకొచ్చి, "ఆగడానికి సమయం లేదు. వాగులో నీళ్లు లేకపోయినా ఇసుక ఉంది. ఇసుక అంటుకోదు. అందరూ వాగులోకి నడవండి" అంది.

రంగప్పకు చిన్నతనమనిపించింది. "తోడుపెద్దను నేనా, నువ్వా? వాగు వద్దు. కొండ ఎక్కండి. అక్కడ పొగ లేదు" అన్నాడు.

కొందరు జగ్గమ్మ వెంట వాగులోకి దిగారు. చాలామంది మాత్రం తోడుపెద్ద మాట కాదనలేక కొండ ఎక్కారు. కొమ్మన్న చెల్లెలు చామంతి కూడా తన కూనతో అటే వెళ్లింది. సగం దూరం ఎక్కేసరికి గాలి తిరిగింది. ఎండుగడ్డి పట్టుకుని మంట కొండ మీదికి పాకింది.

రంగప్ప భయంతో రెక్కలు విదిల్చి, లోయ దాటి అవతలి చెట్టు మీద వాలాడు. రెక్కలు లేనివాళ్లు ఎక్కడికి పోతారు?

మంటలు ఆరాక బతికినవాళ్లు వాగు దగ్గర చేరారు. చామంతి ఒక్కతే వచ్చింది. దాని వెనక కూన లేదు.

అవతలి చెట్టు మీంచి తిరిగొచ్చిన రంగప్పను పట్టుకుని ఈకలు పీకేయాలని అందరూ మీదికి పోయారు. చామంతి అడ్డం నిలబడింది.

"వాడి ఈకలు పీకితే నా బిడ్డ వస్తుందా? వాణ్ణి పురి విప్పి ఆడమన్నారు, ఆడాడు. అడవిని నడిపిస్తానని వాడెప్పుడూ అనలేదు. మన ప్రాణాలు వాడి చేతిలో పెట్టినవాణ్ణి అడగండి."

కొమ్మన్న తెలివి వచ్చి, మూడు కాళ్ల మీద కుంటుకుంటూ అప్పుడే గుహలోంచి వచ్చాడు. చెల్లెల్ని చూశాడు. దాని పక్కన ఖాళీని చూశాడు.

"చామంతీ, నాకు ఒంటిమీద తెలివి లేదమ్మా. ఆ సమయంలో నేనేం చేయగలను?"

"ఆ రోజు సంగతి నేను అడగడం లేదన్నా. తెలివి ఉన్న రోజున ఏం చేశావు? నువ్వు మేతకు పోయేటప్పుడు నీ పిల్లల్ని ఎవరి దగ్గర వదిలేవాడివి? రంగప్ప దగ్గరా?"

కొమ్మన్న తల వంచుకున్నాడు. "కాదు. జగ్గమ్మ దగ్గర."

"నీ పిల్లలకు జగ్గమ్మ కావాలి. మా పిల్లలకు నాట్యం చాలా?"



"గెలవాలనుకున్నాను" అన్నాడు కొమ్మన్న మెల్లగా. "గెలిచి మీ అందరికీ మేలు చేద్దామనుకున్నాను."

"గెలిచింది నువ్వు. కాలిపోయింది మేము" అంది చామంతి.

కొమ్మన్న ఆ రోజే పెద్దరికం వదులుకున్నాడు. జగ్గమ్మను పెద్దగా ఉండమని అందరూ అడిగారు. "ముందు కాళ్లు కాలినవాళ్లను నీళ్ల దగ్గరికి చేర్చాలి. ఆ మాట తర్వాత" అని ఆవిడ ఒక ముసలి కుందేలును వీపు మీదికి ఎత్తుకుంది. కొమ్మన్న తన కొమ్ములతో కాలిన కొమ్మలు పక్కకు నెడుతూ వాళ్లకు దారి చేశాడు. చామంతి అన్న వైపు చూడలేదు.

కొన్నేళ్ల తర్వాత మళ్లీ ఎన్నిక వచ్చింది. ఒక అడవిదున్న పెద్దగా నిలబడ్డాడు. బండ మీదికెక్కి, తానేమేం చేస్తాడో గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు. జంతువుల మధ్యలోంచి చామంతి లేచి నిలబడింది.

"నువ్వు కాసేపు కూర్చో నాయనా" అంది. "నీ పక్కన నిలబడ్డవాణ్ణి మాట్లాడనీ. ముందు అతని సంగతి తెలుసుకోవాలి."

నీతి: మనం పడిపోయిన రోజున మనవాళ్లను కాపాడగలిగినవారినే పక్కన నిలబెట్టుకోవాలి. గెలుపు కోసం చేతకానివారిని నిలబెడితే, ఆ తప్పు నిలబెట్టినవారిదే.