గురవయ్య దగ్గు

ఊఁ కొడుతూ వినండి. ఇది ఊఁ కొట్టని వాళ్ళ కథ. మీరైనా కొట్టాలి.

నల్లటి రికార్డు మీద సూది పెడితే పాట వచ్చే కాలంలో, ఒక రేవు పట్నంలో గురవాచారి అనే వడ్రంగి ఉండేవాడు. గురవయ్య అనేవారు. పాత తలుపుల టేకు తెచ్చి, వెనకటి పద్ధతిలో ముందు గుడ్డ బిగించి, స్పీకరు పెట్టెలు చేసేవాడు. కోసేవాడు, గరుకు కాగితంతో రుద్దేవాడు, వేలితో తట్టి చెవి ఆనించేవాడు. నచ్చకపోతే మళ్ళీ రుద్దేవాడు. ఆ పొడి అంతా ఎక్కడికి పోతుంది? గుండెల్లోకి పోయింది. దగ్గు పట్టుకుంది.

ఆ ఊళ్ళో బట్టల వర్తకుడు సూరిశెట్టికి ఒక పాటల గది ఉండేది. పాట బయటికి పోకుండా గోడల నిండా బొంతలు కట్టించాడు. సూది పెట్టాక ఎవరూ నోరు మెదపకూడదు, పక్కకు చూడకూడదు. ఏం నియమమో, తగలెయ్య!

గురవయ్య మొదటి జత పెట్టెలు తెచ్చి గదిలో అమర్చాడు. ఓ మూల కూర్చోబోతే దగ్గు వచ్చింది.

“పెట్టె నీదే గురవయ్యా, దగ్గూ నీదే. బయట కూర్చో” అన్నాడు శెట్టి.

బయటికి ఏం వినపడుతుంది, బొంతలు ఉండగా? ఇంట్లో పాట పెట్టుకునే స్తోమత లేదు. తన పెట్టె ఎలా పాడుతుందో తనకే తెలియలేదు.

రెండో జత తెచ్చాడు. మళ్ళీ దగ్గు వచ్చింది.

“పెట్టె నీదే గురవయ్యా, దగ్గూ నీదే. బయట కూర్చో.”

విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. “ఎలా పాడింది బాబూ?” అని మెట్టు మీద నుంచి అడిగాడు. “చెబితే తెలిసేది కాదులే” అని వెళ్ళిపోయారు.

మూడో జత చేసేసరికి మనిషి సగమయ్యాడు. ఇక ఇంకో జత చేయలేనని అతనికి తెలుసు.

“ఈసారి దగ్గను శెట్టిగారూ. ఒక్క పాట విననివ్వండి.”

“మీ దగ్గు మీ మాట వింటుందా?” అంది వెంట వచ్చిన గురవయ్య భార్య మాణిక్యం.

“ఒక్క పాట వరకు వినదా?” అన్నాడు.

శెట్టి సరేనన్నాడు. గురవయ్య వెనక మూల కూర్చుని తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. సూది పెట్టారు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఓరగా చూసినవాళ్ళు పాటకు కరిగిపోయాడనుకున్నారు. మళ్ళీ ఎవరూ చూడలేదు. బయట మెట్టు మీద మాణిక్యం, ఇంకా గెంటలేదంటే దగ్గలేదన్నమాటే అని దేవుడికి దండం పెట్టుకుంది.

పాట అయిపోయింది. శెట్టి సంబరంగా లేచాడు. “చూశారా, ఒక్క దగ్గు లేదు! గురవయ్యా, ఎలా ఉంది నీ పెట్టె?”

జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. మూడోసారి అడగలేదు.

మాణిక్యం లోపలికొచ్చి నోట్లో గుడ్డ తీసింది. “దగ్గనిచ్చి ఉంటే బతికేవాడు కదయ్యా” అంది. తను చేసిన పెట్టె పాట ఎంతవరకు విన్నాడో, అసలు విన్నాడో లేదో, ఎవరికీ తెలియదు.

శెట్టి బొంతలన్నీ పీకించాడు. తర్వాత ఎప్పుడు సూది పట్టుకున్నా, ముందు తను ఒకసారి దగ్గేవాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పాట పెట్టే ముందు గదిలో అందరూ ఒక్కసారి దగ్గుతారు. పిల్లలు నవ్వుతూ దగ్గుతారు, ఎందుకో తెలియక. పాట మధ్యలో ఎవరైనా దగ్గితే విసుక్కోరు. “గురవయ్య వింటున్నాడు” అని మంచినీళ్ళు అందిస్తారు.

మీరు ఊఁ కొట్టడం మానేశారేం? దగ్గండి ఒకసారి.

ఆఁ. ఇప్పుడు పెట్టండి పాట.