గంట ఎవరి మెడలో ఉండాలి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త నర్సవ్వ. మందల వెంట తిరిగి బతికిన మనిషి. ఆమె చెప్పినట్టే చెబుతాను, ఒక్క మాట అటూ ఇటూ జరపను.

ఒక గొర్రెల మందకు ఒకటే గంట. కొత్తగా ఈనిన గొర్రె మెడలోనే అది ఉండాలి. కాపలా కుక్క ముసలిది, చూపు ఆనదు. గంట ఎటు మోగితే అటే నడిచేది. ఆ ఏడు గంట ఒక బక్క గొర్రెకు దక్కింది. దాని పిల్లకు మూడు రోజులు.

ఒకనాడు మేతకాడ నక్క పొట్టేలు పక్కన చేరింది.

"అన్నా, ఈ కొమ్ములేంది, ఈ ఛాతీ ఏంది! నువ్వు బోసి మెడతో తిరుగుడా? గంటేమో ఆ బక్కదానికా?"

పొట్టేలు ఉబ్బిపోయింది. నేరుగా గొర్రె దగ్గరికి పోయి, "గంట ఇటియ్యి" అంది.

"బావా, అది నా సొమ్ము కాదు. నా పిల్లది."

"మందకు పెద్ద నువ్వా, నేనా?"

గొర్రె తల వంచింది. పొట్టేలు కొమ్ముతో తాడు లాగి, తన మెడలో వేసుకుని మంద ముందుకు పోయింది. కుక్కా గంట వెంటే పోయింది.

పిల్ల నడవలేక వాగు ఒడ్డున కూలబడింది. తల్లి ఆగింది. తుమ్మపొదలోంచి నక్క వాసన. భయపడి అరిస్తే మీద పడుతుంది. పిల్లను పొట్ట కిందికి జరుపుకుని, తీయగా పిలిచింది.

"బావా! గంట నీకే అందం, నేనడగను. నా పిల్ల అది వినంది నిద్రపోదు. ఒక్కసారి వచ్చి మోగించి పో!"

'రానీ, మోగించుకుని పోతుంది' అని పొదలో నక్క నవ్వుకుంది. గంట వెంట ఎవరు నడుస్తారో దానికి తెలియనిది కాదు. ఆకలి రుచీ ఎరుగదు, తెలివీ ఎరుగదు.

పొట్టేలు ఠీవిగా వచ్చింది. వెనకే, చప్పుడు లేకుండా కుక్క. దానికి చూపు లేకున్నా ముక్కుంది. ఒక్క దూకు! నక్క సగం తోక పొదలో వదిలి వాగు దాటింది.

పొట్టేలు మెడ వంచి, "తీసుకోవమ్మా. నాకిది బరువైంది" అంది.

తల్లి ఊపిరి తీసినప్పుడల్లా గంట సన్నగా మోగింది. పిల్ల నిద్రపోయింది.

ఎవరి గుర్తు వారిని అంటిపెట్టుకునే ఉండాలి. పక్కకు జరిగితే కాపలా దారి తప్పుతుంది.

మా బడి గోడ మీద రాజలింగం పంతులు ఈ కథ రాయించి, 'తెలివైన పొట్టేలు' అని పేరు పెట్టాడు. కూడబలుక్కుని చదివాను. పదకొండేళ్లయింది, మరిచిపోలేదు. చదువుకున్నవాడే 'తెలివైన' అన్న మాటను తప్పు మెడలో వేశాడు. ఎవరైనా కాస్త సున్నం పట్టుకెళ్లి, దాన్ని ఆ గొర్రె పక్కన రాయండి.