మీసాల చేపకు తగిన కర్ర

జోగినాథం గారు నాగావళి మీద పడవ నడిపినవారు. వంతెన వచ్చాక ఆ పని మాని, ఒడ్డునే ఇల్లు వేసుకుని, వచ్చినవారికి తత్త్వాలు చెబుతూ ఉండేవారు. ఆయనకొక అలవాటు ఉండేది. ఏటా వైశాఖంలో నది పాయలుగా చీలి, ఇంటి దిగువనున్న రాళ్ళపాయ ఎండుముఖం పట్టగానే, అందులో చిక్కుబడిన మీసాల చేపలను గాలంతో పట్టి, ఇసుకదిబ్బ అవతలి పెద్దపాయలో వదిలి వచ్చేవారు. రాళ్ళకు వల చిరిగిపోతుంది కనుక గాలమే గతి. చేప నోరు చీలకుండా గాలం కొనకున్న ఎదురుముల్లును ముందే ఆకురాయితో అరగదీసేవారు. ఆ రోజుల్లో ఎవరు ఏ సందేహంతో వచ్చినా మొదట నీళ్ళలోకి దించేవారు.

ఆ ఏడు సన్నాయి విద్వాంసుడు కోటిలింగం వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఆయనకు పాత శిష్యుడు. అరుగు మీద కూర్చుని, చాలాసేపు కండువా మడతలు సరిచేసుకుని, అడిగాడు.

"గురువుగారూ, కఠినమైన మాటను ఎదుటివాడికి నొప్పి తెలియకుండా చెప్పడం ఎలా?"

సంగతి ఏమిటంటే, కోటిలింగం దగ్గర తవిటయ్య అనే యువకుడు ఏడేళ్ళుగా సన్నాయి నేర్చుకుంటున్నాడు. శ్రద్ధకు లోటు లేదు, శ్రుతి మాత్రం నిలవదు. ఇతనికి ఈ విద్య రాదని కోటిలింగానికి రెండో ఏడే అర్థమైంది. కానీ ఆ ముఖం చూసినప్పుడల్లా మనసు రాక, ఇంకొన్నాళ్ళు సాధన చేయమని చెబుతూ వచ్చాడు. అది విని తవిటయ్య, మేనమామ ఇస్తానన్న టైలరు దుకాణం వద్దన్నాడు. కుదిరిన సంబంధాన్ని కచేరీ చేశాకే అని వాయిదా వేస్తే, వాళ్ళు చూసి చూసి పిల్లను వేరేచోట ఇచ్చారు. ఇప్పుడు జనపనార మిల్లులో ఉన్న పని కూడా మాని, పూర్తిగా గురువు ఇంట్లోనే ఉండి నేర్చుకుంటానంటున్నాడు. పని మానుతున్నట్టు మిల్లుకు ఉత్తరం ఇవ్వడానికి ఇంకా మూడు రోజులుంది.

జోగినాథం గారు అంతా విన్నారు. గోడకు చేరవేసిన మూడు వెదురు గాలపు కర్రలు చూపించి, ఒకటి తీసుకోమన్నారు.

కోటిలింగానికి ఏమీ తోచలేదు. అడిగినదానికీ దీనికీ పొంతన ఏమిటో తెలియలేదు. అయినా ఒక్కొక్క కర్రనూ చేతిలోకి తీసుకుని, సన్నాయి రంధ్రాలు తడిమినట్టు గణుపు గణుపూ తడిమి చూశాడు. మొదటిది లావుపాటిది, గుంజలా ఉంది, వంచితే వంగదు. రెండోది సన్నది. ఊపితే మొదలు నుంచి కొస దాకా పాములా వంగి, మళ్ళీ నెమ్మదిగా నిటారయింది. మూడోది మట్టి పట్టి, పిడి దగ్గర నల్లబడిన కర్ర. దాన్ని సరిగ్గా చూడనే లేదు. చేప బతకాలి కదా, అయితే మెత్తనిదే మంచిదని సన్నదాన్ని తీసుకున్నాడు. ఇదేనా సరైనది అని అడిగితే, పాయలో నీళ్ళు ఎంత జోరుగా ఉన్నాయో చూశావా అని ఆయన ఎదురడిగారు. చూడలేదని ఒప్పుకున్నాడు. ఆయన ఆ నల్లబడిన కర్ర తీసుకుని ముందు నడిచారు.

పిండి ఉండ గుచ్చి వేసిన కాసేపటికే గురువుగారి గాలానికి చేప తగిలింది. అది రాళ్ళ సందుకు దూసుకుపోబోతే ఆయన కర్ర కొస వంగింది కానీ మొదలు బిగదన్నుకుని నిలిచింది. ఒక్కసారి బలంగా పక్కకు లాగి, చేపను రాళ్ళ నుంచి మళ్ళించారు. ఆ కుదుపు చూసి కోటిలింగం, ఇంత మంచి మనిషి ఇంత మోటుగా లాగడమేమిటని బాధపడ్డాడు. తమలపాకు నమిలేటంత సేపట్లో చేప నీళ్ళ గంగాళంలో ఉంది. అవతలి పాయలో వదలగానే తోక విదిల్చి లోతుకు పోయింది.

తర్వాత కోటిలింగం గాలానికి తగిలింది. పెద్ద చేప. అది ఎటు పోతే కర్ర అటు వంగింది. రాళ్ళలో దూరింది, బయటికొచ్చింది, ప్రవాహంలో దిగువకు పరుగుతీసింది, మళ్ళీ రాళ్ళలో దూరింది. అతను ఎక్కడా కుదపలేదు. మోకాలిలోతు నీళ్ళలో దాని వెంట నడుస్తూ, అది అడిగినంత చోటు ఇస్తూ పోయాడు. తన చేతి మెత్తదనం తనకే ముచ్చటేసింది. ఎండ ఎక్కింది, నీళ్ళు వేడెక్కాయి. దాదాపు గంట తర్వాత చేప తనంతట తానే పక్కకు ఒరిగి ఒడ్డుకు వచ్చింది. నోటి దగ్గర గీత కూడా లేదు.

పెద్దపాయకు తీసుకుపోయి నీళ్ళలో దించితే అది నిటారుగా నిలవలేదు. పొట్ట కింద చెయ్యి వేసి, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకోమన్నారు జోగినాథం గారు. కోటిలింగం నడుంలోతు నీళ్ళలో నిలబడి అలాగే పట్టుకున్నాడు. మొప్పలు ఒకసారి తెరుచుకున్నాయి, ఆగాయి, మళ్ళీ తెరుచుకున్నాయి. నాలుగు మీసాలూ నీటివాలుకు ఊగుతూ ఉన్నాయి. నడుం పట్టేసినా అతను కదల్లేదు. చివరికి మొప్పలు తెరుచుకోవడం మానేశాయి.

"నేనెక్కడా లాగలేదు గురువుగారూ" అన్నాడు.

"లాగలేదు. అదే లాగుతూ పోయింది, ఊపిరున్నంత సేపూ."

అయితే లావు కర్ర తీసుకోవాల్సిందా అని అడిగాడు. దానితో అయితే నోరు చీలేదన్నారు ఆయన. మరి ఏ కర్ర మంచిదో చెప్పమంటే, ఆయన అప్పటికే ఖాళీ గంగాళం భుజానికెత్తుకుని ఇసుకలో నడుస్తున్నారు.

కోటిలింగం ఇంటికి పోయేసరికి తవిటయ్య చాప పరిచి, సన్నాయి తుడిచి సిద్ధంగా ఉన్నాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలేవీ నోటికి రాలేదు. ఆ అబ్బాయి పక్కన కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి, ఈ విద్య నీకు రాదు, రేపటి నుంచి రావద్దు, మిల్లు పని వదలకు అని చెప్పేశాడు. ఈ మాట ఎప్పుడో చెప్పాల్సిందని, తప్పు తనదేనని కూడా అన్నాడు. తవిటయ్య ఏడుస్తాడనుకున్నాడు, కోప్పడతాడనుకున్నాడు. అతను సన్నాయిని గుడ్డలో చుట్టి, ముడి వేసి, నెమ్మదిగా అన్నాడు.

"నాకు నాలుగేళ్ళ కిందటే తెలిసింది మేస్టారూ. మీరు చెబుతారని చూస్తూ ఉన్నాను."

కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం బరువు దిగినవాడిలా ఉందో, బలం పోయినవాడిలా ఉందో కోటిలింగానికి తెలియలేదు. పెళ్ళి ఎలాగూ తప్పిపోయింది, దుకాణమూ ఇంకొకరిదయింది. మిల్లు పని మాత్రం నిలిచింది.

పది రోజులు తిండి సహించక, కోటిలింగం మళ్ళీ ఏటి ఒడ్డుకు వచ్చాడు. పాయ పూర్తిగా ఎండిపోయింది. జోగినాథం గారు అరుగు మీద కూర్చుని కొత్త వెదురును నిప్పు సెగకు కాస్తూ వంకర తీస్తున్నారు. జరిగినదంతా చెప్పి, తనకు బొత్తిగా అర్థం కావడం లేదన్నాడు. విద్య రాదని తెలిసినవాడు నాలుగేళ్ళ కిందటే మానేసి తన దారి చూసుకోవచ్చు కదా, రోజూ ఎందుకు వచ్చాడు, మిల్లు పని కూడా ఎందుకు మానబోయాడు అని అడిగాడు.

జోగినాథం గారు వెదురును కంటికి ఆనించి, వంకర పోయిందో లేదో చూసుకున్నారు.

"నువ్వు వదల్లేదు కదా, కోటిలింగం" అన్నారు.