కీచుమన్న పచ్చ వ్యాను

ఇటు తిరుగు అమ్మడూ. ఏంటి, ఆ బుగ్గ దిండుకి ఆనకుండా పడుకుంటున్నావు? సరే, నీకెట్లా హాయిగా ఉంటే అట్లా పడుకో. నేనేం అడగను. కథ చెబుతా, ఊఁ కొట్టు.

అనగనగా ఒక కొండ. ఆ కొండ మీద ఒక ఊరు. ఆ ఊరి పేరు రాళ్ళకనుమ. ఊళ్ళో చిన్నపిల్లల బడి ఉంది గానీ, పెద్ద బడి మాత్రం కొండ కింద ఉంది. కిందికి రోడ్డుంది. బస్సు లేదు. ఓట్లప్పుడు వచ్చినవాళ్ళందరూ ఇదుగో బస్సు, అదుగో బస్సు అన్నారు. అని, ఎవరి కార్లలో వాళ్ళు దిగి వెళ్ళిపోయారు.

ఆ ఊళ్ళో మస్తానయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయనకి ఒక పచ్చ వ్యాను ఉండేది. బాగా ముసలి వ్యాను. ఎక్కాక తలుపుని తాడుతో కట్టాలి, దిగేటప్పుడు తాడు విప్పాలి. పొద్దున్నే ఊళ్ళోని ఆడపిల్లల్ని ఎక్కించుకుని కనుమ దిగేవాడు. సాయంత్రం మళ్ళీ వాళ్ళని ఎక్కించుకుని కనుమ ఎక్కేవాడు. మగపిల్లలు సైకిళ్ళ మీదో ట్రాక్టర్ల మీదో ఎట్లాగో పోయేవాళ్ళు. ఆడపిల్లలకి మాత్రం ఆ వ్యాను తప్ప ఇంకో దారి లేదు.

ఆ పిల్లల్లో పెంచలమ్మ అని ఒకమ్మాయి ఉంది. పదో తరగతి. అందరూ పెంచలీ అని పిలిచేవాళ్ళు. వ్యానులో ఆమె చోటు డ్రైవరు పక్కన, ఇంజను పెట్టె మీద. అక్కడ కాలుతుందని ఇంకెవరూ కూర్చోరు. పెంచలి పుస్తకాల సంచి కింద వేసుకుని కూర్చునేది. అక్కడైతే రోడ్డంతా కనబడుతుంది కదా.

ఒకరోజు పొద్దున కనుమ దిగుతుంటే వ్యాను కీచుమంది. పలక మీద మేకు పెట్టి గీస్తే ఎట్లా ఉంటుంది? అట్లా. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆ మర్నాడూ కీచుమంది. ఆ మర్నాడూ అంతే.

అప్పుడు మస్తానయ్య, ముసలిదానికి కీళ్ళు పట్టేసి ఉంటాయిలే అని, అందిన చోటల్లా గ్రీజు పూశాడు. పిల్లల గౌన్లకి గ్రీజు అంటింది గానీ కీచు పోలేదు.

ఆ తర్వాత, ఇంజనులో బెల్టు వదులైందేమో అనుకున్నాడు. దాని మీద నీళ్ళు చల్లి చూశాడు. చివరికి కొత్త బెల్టే వేశాడు. కీచు పోలేదు.

ఆ తర్వాత, ఎవరి కళ్ళో పడ్డాయనుకున్నాడు. అద్దం ముందు నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టాడు. పాపం, మిరపకాయలు ఎండిపోయాయి. కీచు మాత్రం అట్లాగే ఉంది.

ఇంతలో ఈ సంగతి ఊళ్ళో పాకింది. పంచాయితీ ఆఫీసు గోడ దగ్గర పెద్దలు కొందరు రోజూ కూర్చుంటారు. ఆ గోడ మీద నీలం అక్షరాలతో ‘ఆడపిల్లల్ని చదివిద్దాం’ అని రాసి ఉంటుంది. పెద్దలు ఆ అక్షరాలకి వీపు ఆనించి కూర్చుని, వ్యాను కీచుమంటోందట, ఎందుకొచ్చిన గొడవ, ఆడపిల్లల్ని మాన్పిస్తే పోదా అనుకున్నారు. ఆ ఊళ్ళో అంతేనమ్మా. వానలు పడకపోతే ఆడపిల్లల చదువు ఆపారు. వానలు ఎక్కువైతే ఆడపిల్లల చదువు ఆపారు. ఇప్పుడు వ్యాను కీచుమన్నా ఆపాల్సింది అదేనట. వ్యాను బాగుచేయిద్దామని ఒక్కరికీ తోచలేదు.

ఆ మాట వినగానే తల్లులకి గుండెలు జారిపోయాయి. పెంచలి వాళ్ళమ్మ పేరు చెంచమ్మ. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. ఆపైన కొండ దిగే దారి లేక ఆగిపోయింది. అందుకని కూతురికి జడ వేస్తూ మెల్లగా చెప్పింది.

“వ్యాను గురించి నువ్వు నోరెత్తొద్దు మే. నోరెత్తితే వ్యాను ఆగిపోద్ది. వ్యాను ఆగితే నువ్వు ఆగిపోతావు. నాకు తెలుసు ఆగిపోవడమంటే ఏందో.”

పెంచలి సరేనంది. ఆ ఊళ్ళో ఆ పొద్దున అన్ని ఇళ్ళలోనూ అన్ని జడల దగ్గరా అదే మాట నడిచింది.

ఆ తర్వాత ఒకరోజు ఏమైందంటే, దిగుడులో మస్తానయ్య బ్రేకు మీద కాలు మోపాడు. కీచు ఆగింది. కాలు తీశాడు. కీచుమంది. మళ్ళీ మోపాడు, ఆగింది. ఆయన పకపకా నవ్వాడు. మందు దొరికింది పాపా అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన కాలు బ్రేకు మీదే ఉండేది. ఆపడానికి నొక్కినట్టు కాదు, ఊరికే అట్లా ఆనించి. వ్యాను చప్పుడు చేయకుండా కొండ దిగేది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. గోడ దగ్గర పెద్దలు కూడా ఇంకో కబురు వెతుక్కున్నారు.

కానీ పెంచలి కూర్చునేది ఇంజను పెట్టె మీద కదా. ఆమెకి ఆయన కాలు కనబడుతుంది. దిగుడులో ఉన్న కాలు చదునులోనూ ఉంది. ఎక్కేటప్పుడు కూడా అప్పుడప్పుడూ ఉంది. ఆ తర్వాత ఏదో కాలుతున్న వాసన రావడం మొదలైంది. ఆ తర్వాత ఆయన కాలు మునుపటి కంటే లోపలికి దిగుతోంది. పెంచలి అన్నీ చూసింది. చూసి నోరు మూసుకుంది. చదువు కావాలి మరి.

ఒకరోజు పెద్ద మలుపు దగ్గర మేకల మంద రోడ్డుకి అడ్డం వచ్చింది. మస్తానయ్య గట్టిగా బ్రేకు తొక్కాడు. వ్యాను ఆగాల్సిన చోట ఆగలేదు. ఇంకొంచెం పోయింది. ఇంకొంచెం పోయింది. ఒక మేకపిల్ల ముక్కు వ్యానుకి తగిలీ తగలనట్టు ఉండగా ఆగింది. ఆ పక్కనే లోయ. మేకల వాడు తిట్టి తన దారిన తాను పోయాడు. వ్యానులో ఒక్కరూ మాట్లాడలేదు. సాయంత్రం ఇంటికొచ్చాకా ఎవరూ చెప్పలేదు. ఎవరికి వాళ్ళు తలొంచుకుని లెక్కలు చేసుకున్నారు.

చూశావా అమ్మడూ, మొదట వ్యాను ఒక్కటే అరిచేది. దాన్ని ఊరుకోబెట్టారు. తర్వాత ఊరు ఊరంతా ఊరుకుంది. మనసులో మాత్రం అందరికీ కీచుమంటూనే ఉంది.

మర్నాడు పొద్దున పిల్లలందరూ వ్యానెక్కారు. పెంచలి ఎక్కలేదు. వ్యాను ముందు నిలబడింది. గోడ దగ్గర పెద్దలున్నారు. పిల్లల్ని సాగనంపడానికి వచ్చిన తల్లులున్నారు. చెంచమ్మ అక్కడే ఉంది. ఆమె కళ్ళతోనే వద్దని చెబుతోంది.

పెంచలి అది చూసింది. చూసి కూడా అంది, “మస్తానన్నా, కనుమ దిగేముందు ఇక్కడే చదునులో ఒకసారి నడుపు. బ్రేకు మీద కాలు పెట్టకుండా.”

“ఎప్పట్నించి మే నువ్వు బండి మేస్త్రివైంది?” అన్నాడు మస్తానయ్య. పిల్లలు కిసుక్కున నవ్వారు.

గోడ దగ్గర నుంచి నరసయ్య తాత అందుకున్నాడు. వ్యాను బాగాలేదంటే ఇంట్లో కూర్చోమనండి, పీడా పోతుంది అన్నాడు.

అయినా పెంచలి ఆగలేదు. “కీచు తగ్గలేదన్నా. నువ్వు కాలు పెడితే ఊరుకుంటోంది, తీస్తే మొదలుపెడతోంది. ఊరుకోవడం వేరు, తగ్గడం వేరు కదా.”

మస్తానయ్య చెడ్డవాడు కాదమ్మా. ఆ మేకపిల్ల ముక్కు ఆయనకీ కళ్ళముందే ఉంది. కాకపోతే, తన వ్యాను పాడైందని తన నోటితో తను అనుకోవాలంటే కష్టం కదా. అయినా ఆయన ఎక్కి కూర్చున్నాడు.

పెంచలి పిల్లల్ని కిందికి దింపింది. ఒక్కో చక్రం పక్కన ఒక్కొక్కరిని నిలబెట్టింది. వ్యాను నడిచినంత మెల్లగా మీరూ నడవండి, చెవి చక్రం మీదే పెట్టండి అంది. వ్యాను కదిలింది. పిల్లలు పక్కనే వంగి వంగి నడిచారు. అత్తవారింటికి పోయే పెళ్ళికూతుర్ని సాగనంపుతున్నట్టుంది అని ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

కీచుమంది.

ఎడమ వైపు ముందు చక్రం దగ్గర షాహీన్ అని చిన్నపిల్ల ఉంది. ఆ పిల్ల చెయ్యెత్తింది. కాలు మోపమన్నారు, ఆగింది. తీయమన్నారు, కీచుమంది. షాహీన్ చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉంది. ఇంక ఎవరికీ అనుమానం లేకుండా పోయింది.

అప్పుడు మస్తానయ్య జాకీ పెట్టి వ్యానుని లేపాడు. నట్లు విప్పి చక్రం ఊడదీశాడు. లోపలికి చూసి, అట్లాగే మట్టిలో కూలబడిపోయాడు.

బ్రేకు ఎట్లా పనిచేస్తుందో నీకు చెప్పనా? చక్రంతో పాటు లోపల ఒక ఇనుప పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. కాలు నొక్కితే రెండు బిళ్ళలు ఆ పళ్ళేన్ని అటూ ఇటూ పట్టుకుంటాయి. అప్పుడు చక్రం ఆగుతుంది. పట్టుకుని పట్టుకుని ఆ బిళ్ళలు అరిగిపోతాయి, మనింట్లో సబ్బు అరిగినట్టు. అవి అరిగాయని బయటున్నవాళ్ళకి ఎట్లా తెలుస్తుంది? అందుకని వాటిని చేసినవాళ్ళు బిళ్ళ పక్కన ఒక చిన్న రేకు పెట్టారు. బిళ్ళ మందంగా ఉన్నన్నాళ్ళూ ఆ రేకు దేనికీ తగలదు. బిళ్ళ అరిగిపోతే, రేకు పళ్ళేనికి రాసుకుని కీచుమంటుంది. అరవడం తప్ప దానికి ఇంకే పనీ లేదు. అరవడానికే పెట్టారు దాన్ని. కాలు నొక్కితే పళ్ళేనికి గట్టిగా అదుముకుని ఊరుకుంటుంది, అంతే.

చక్రంలో ఆ బిళ్ళ తమలపాకంత పల్చగా మిగిలింది. రేకు అంచు రాసుకుని రాసుకుని వెండిలా మెరుస్తోంది.

మస్తానయ్య దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. “నొక్కితే మానుతోంది కదా, బ్రేకు బాగానే ఉందనుకున్నా,” అన్నాడు. “ఇదేమో రోజూ నన్ను పిలస్తానే ఉండాది. నేను దీని నోరు నొక్కతా, ఉన్న కాస్తా అరగదీశాను.”

ఆ తర్వాత లేచి నిలబడి, కొత్త బిళ్ళలు టౌను నుంచి తెప్పించి వేసేదాకా వ్యాను కనుమ దిగదని అందరికీ వినబడేట్టు చెప్పాడు.

చెంచమ్మ ఏ మాటకి భయపడిందో ఆ మాట వచ్చేసింది. నరసయ్య తాత గోడకి ఇంకాస్త జారబడి, ఇంకేం, అయిపోయింది కదా, పిల్లల్ని లోపలికి తీసుకుపోండి అన్నాడు.

ఎవరూ కదల్లేదు. పెంచలి తల వంచుకుని నిలబడింది. నోరెత్తింది తనే. వ్యాను ఆగింది తన వల్లే. ఇప్పుడు షాహీన్ చదువూ, అందరి చదువూ ఆగిపోతే అది కూడా తన వల్లే.

అప్పుడు చెంచమ్మ ముందుకొచ్చింది. కూతుర్ని తిడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె కొంగు నడుముకి దోపుకుంది. పెంచలి భుజం మీది సంచి తీసి తన భుజాన వేసుకుంది. కనుమ వైపు నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“రా మే. బడికి టైమవుతోంది,” అంది.

ఆ వెనక షాహీన్ వాళ్ళమ్మ కదిలింది. ఆమె వెనక ఇంకో తల్లి. ఆ తర్వాత అందరూ. పిల్లలూ తల్లులూ కలిసి ఆ కొండ రోడ్డంతా నిండిపోయారు. అరిగిన బిళ్ళని జేబులో వేసుకుని మస్తానయ్య కూడా వాళ్ళతో నడిచాడు, టౌనులో చూపించి కొత్తవి తెప్పించాలి కదా. పెద్ద మలుపు దగ్గర లోయ చూసి చెంచమ్మ ఒక్క క్షణం ఆగింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్ళీ నడిచింది.

బడికి ఆలస్యంగా చేరారు. చేరారు కదా. మర్నాడూ నడిచారు. కొత్త బిళ్ళలు వచ్చేదాకా అట్లాగే నడిచారు.

ఆ తర్వాత పచ్చ వ్యాను మళ్ళీ కొండ దిగింది. మస్తానయ్య అద్దం ముందున్న నిమ్మకాయా మిరపకాయలూ తీసేశాడు. ఆ చోట అరిగిపోయిన బిళ్ళని, దాని రేకుతో సహా, తీగకి కట్టి వేలాడదీశాడు. వెనక సీట్లో ఎవరైనా ‘అన్నా, ఏదో చప్పుడు’ అంటే చాలు, వ్యాను పక్కకి తీసి ఆపి, ఏదీ చెప్పు పాపా అంటాడు. ఒకోసారి ఏమీ ఉండదు. అయినా ఆపుతాడు.

ఆ గోడ దగ్గర పెద్దలు ఇప్పటికీ కూర్చుంటారట. వాళ్ళ చొక్కాల వీపులకి నీలం రంగు అంటింది. అక్కడ రాసిన మాట మాత్రం అంటలేదు.

అంతే అమ్మడూ కథ.

ఏంటి? పన్నా? ఏ పన్ను? ఏదీ, నోరు తెరువు. అయ్యో నా తల్లీ, అందుకా నాలుగు రోజుల నుంచి అన్నం ఒక పక్కనే నములుతున్నావు. చెబితే పీకిస్తామని భయమేసిందా? భయంగానే ఉంటుందిలే. పొద్దున్నే చూపిద్దాం. నేనూ నీతో నడిచొస్తా. ఇప్పుడు ఆ బుగ్గ నా చేతిలో పెట్టి పడుకో.

కథేమో కంచికి,
వ్యానేమో కొండకి,
పిల్లలేమో బడికి,
దాచిన మాటేమో బయటికి,
మనమేమో ఇంటికి,
నువ్వేమో నిద్దరకి.