కస్తూరికి ఐదేళ్ల టీకా

సన్యాసం పుచ్చుకున్న తొమ్మిదేళ్లలో ఎన్నడూ రాని చిక్కు విమలానందుడికి ఒక సూదితో వచ్చిపడింది.

సూది ఆయనకు కాదు, కస్తూరికి. కస్తూరి ఆయన చనిపోయిన అక్క కూతురు. తల్లి పోయేనాటికి పిల్లకు మూడేళ్లు. చుట్టాలంతా "అమ్మ ఊరెళ్లింది, రేపొస్తుంది" అని ఊరుకోబెట్టారు. పిల్ల నెల రోజులు గుమ్మంలో కూర్చుంది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా నమ్మడం మానేసింది. అన్నం చల్లారిందన్నా వేలు పెట్టి చూసుకునేది.

ఆశ్రమానికి తెచ్చుకున్న రోజే విమలానందుడు ఒట్టు పెట్టుకున్నాడు, ఈ పిల్లతో ఒక్క అబద్ధం కూడా ఆడనని. రెండేళ్లు పట్టింది. ఇప్పుడిప్పుడే మామయ్య చెబితే వేలు పెట్టకుండా తింటోంది.

అలాంటి సమయంలో, ఐదేళ్ల టీకా వేయించాలని కొండ కింద ఆరోగ్య కేంద్రం నుంచి కబురొచ్చింది.

నొప్పి ఉండదంటే అబద్ధం. అందుకని విమలానందుడు పన్నెండు రోజులు కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. పలక మీద భుజం బొమ్మ గీశాడు. పైన తోలు, దాని కింద కొవ్వు, దాని కింద కండ. సూది ఎక్కడిదాకా దిగుతుందో గీత పెట్టి చూపించాడు. "చీమ కుట్టినట్టుంటుంది" అన్నాడు. మర్నాడు మనసొప్పక దిద్దుకున్నాడు. "మామూలు చీమ కాదమ్మా, గండుచీమ." ఆ మర్నాడు, "కొందరికి జ్వరం కూడా వస్తుంది. అందరికీ కాదు. రావచ్చు, రాకపోవచ్చు."

మొదట్లో కస్తూరికి సరదాగానే ఉంది. చీపురుపుల్ల పట్టుకుని వంటమనిషి లచ్చుమమ్మకూ, ఆవుదూడకూ, దర్శనానికొచ్చిన ఒక రిటైర్డు తహసీల్దారుకూ టీకాలు వేసింది. పన్నెండో రోజుకు మాత్రం మండుటెండలో రెండు స్వెట్టర్లు తొడుక్కుని తిరుగుతోంది.

బుధవారం టీకాల రోజు. నర్సు ప్రమీల మందుల డబ్బా మూత తీసిందో లేదో, పిల్ల బల్ల కింద దూరి దాని కాలు కావలించుకుంది. బయటికి లాగితే బల్లా, రిజిస్టరూ, నీళ్ల సీసా అన్నీ కలిసే వచ్చాయి.

"భుజం చూపించు తల్లీ."

"తోలు! కొవ్వు! కండ!" అని బల్ల కింద నుంచి కేక.

ప్రమీల నడుం మీద చేతులు పెట్టుకుంది. "స్వామీ, మీరు పిల్లకి టీకా గురించి చెప్పారా, యుద్ధం గురించి చెప్పారా? వచ్చే బుధవారం తీసుకురండి. ఈలోగా మీరేం చెప్పకండి, పుణ్యం ఉంటుంది."

ఏమీ చెప్పకపోతే మోసం కాదా? వారమంతా విమలానందుడికి అన్నం సయించలేదు. మంగళవారం తన గురువు పెద్దస్వామి దగ్గరికి వెళ్లాడు. ఆ మర్నాడు పౌర్ణమి. పౌర్ణమి ముందు రోజు గురువుకు శిష్యుడు, శిష్యుడికి గురువు గుండు గీయడం ఆ ఆశ్రమంలో ఆచారం.

"స్వామీ, నిజం చెబితే పిల్ల హడలిపోతోంది. అబద్ధం చెబితే నన్నిక ఎప్పటికీ నమ్మదు. నేనేం చెప్పను?"

"ముందు నీ గుండు కానీ. కూర్చో" అన్నాడు పెద్దస్వామి. తల తడిపి, కత్తి తోలుపట్టీ మీద నాలుగుసార్లు రాశాడు. విమలానందుడు వందసార్లకు పైగా కూర్చున్న పీటే అది.

"నాయనా, నీకు ఉన్నదున్నట్టు చెబుతాను. కత్తి మంచి పదును మీదుంది. చెవి పైన ఒక నరం ఉంటుంది. తెగితే రక్తం బాగా పోతుంది. మనిషి చచ్చిపోడు. సాధారణంగా."

"స్వామీ?"

"నాకు ఎనభై ఒకటి. కుడి కంట్లో శుక్లం. చెయ్యి వణుకుతుంది, అస్తమానం కాదులే. ఆరేళ్ల కిందట నీ గుండు సగంలో ఉండగా ఓ కునుకు తీశాను."

"ఎప్పుడు?" విమలానందుడు అదిరిపడ్డాడు.

"నేను చెప్పలేదు, నీకు తెలియలేదు. ఇప్పుడు చెబుతున్నా."

శిష్యుడి మెడ తాబేలు మెడలా భుజాల్లోకి పోయింది.

"మెడ లోపలికి లాక్కోకు. లాక్కుంటే తెగడానికి ఎక్కువ వీలు. ఇదీ నిజమే."

"మీకు దండం పెడతాను, ఇక చెప్పకండి స్వామీ!"

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధమూ వద్దు. ఊరికే గియ్యండి."

"ఇంత భయపడుతున్నావు. ఎలా గియ్యను?"

"ఎప్పటిలాగే. ఎడమ చెయ్యి నా తల మీద పెట్టుకుని."

పెద్దస్వామి తల మీద అరచెయ్యి ఆనించాడు. "ఇలాగా?"

"ఇలాగే."

ఆ తర్వాత కత్తి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

మర్నాడు కొండ దిగుతున్నంతసేపూ జ్వరం సంగతి మూడుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. మూడుసార్లూ మింగేశాడు. కేంద్రం గుమ్మంలో కస్తూరి ఆగింది.

"నొప్పి పెడుతుందా మామయ్యా?"

"పెడుతుంది."

"ఎంత?"

"నాకు తెలీదమ్మా. భుజం నీది కదా."

"నువ్వెక్కడుంటావు?"

"నిన్ను ఎత్తుకునే ఉంటాను."

పిల్ల లెక్క చూసుకుంటున్నట్టు కాసేపు నిలబడి, ఒక స్వెట్టరు విప్పింది. తర్వాత రెండోది. ప్రమీల ఇంకో మాటకు వ్యవధి ఇవ్వలేదు. కస్తూరి పెట్టిన కేకకు వరసలో ఉన్న ఆరుగురు పిల్లలూ శ్రుతి కలిపారు.

కొండెక్కి వచ్చేసరికి పెద్దస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏడ్చిందా?"

"కొండ సగం దాకా స్వామీ. దారంతా నన్ను తిట్టింది. ఇక నాతో మాట్లాడనంది. నేను మోసం చేశాననుకుందేమో."

"ఎవరి మీద పడి ఏడ్చింది?"

కస్తూరి విమలానందుడి మెడ చుట్టూ చేతులు బిగించి నిద్రపోతోంది. భుజం మీది కాషాయం పిండితే కారేటంత తడిగా ఉంది. అందులో కన్నీళ్లెన్నో, ముక్కుచీమిడెంతో తేల్చడం కష్టం.

నిద్ర చెదరకుండా, మెల్లగా, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.