రవ్వ చూడని మూడో రంగం

అనగనగా ఒక అడవిలో రెండు బళ్లు ఉండేవి. ఒకటి ఏటిగట్టు మీద, ఇంకోటి కొండకొమ్ము మీద. అడవి పిల్లలంతా, కొమ్ములున్నవాళ్లూ లేనివాళ్లూ, అక్కడే కలిసి చదువుకునేవారు. దుంపలు గుర్తుపట్టడం, వాన వాసన పసిగట్టడం, వేటగాడి అడుగు చప్పుడు వినడం నేర్చుకునేవారు. రోజూ ఒక గంట నాటకం కూడా నేర్చుకునేవారు.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. ఏడాదికి ఒక బడి పిల్లలు నాటకం ఆడతారు. రెండో బడి నుంచి ఒక్క పిల్ల వచ్చి ముందు వరసలో కూర్చుంటుంది. చూసింది టేకాకు మీద రాస్తుంది. మర్నాడు పొద్దున్నే ఆడినవాళ్ల ముందు నిలబడి ఆ విమర్శ చదువుతుంది. పిల్లల నాటకాన్ని పిల్లలే తూచాలి. పెద్దలు చివరిదాకా కూర్చుని, నోరు మెదపకుండా వినాలి.

పిల్లలు పద్ధతి తప్పలేదు. పెద్దలే తప్పారు. మాలలు పట్టుకుని వచ్చేవారు, ముందు నిలబడ్డ నలుగురి మెడలో వేసేవారు, మొదటి రంగం అవగానే మేతకో వేటకో వెళ్లిపోయేవారు. పిల్లల పనిని చూడకుండానే పిల్లల పనికి విలువ కట్టే పెద్దలు ఏ అడవిలోనైనా ఉంటారు.

ఆ ఏడాది నాటకం ఏటిగట్టు బడిది. విమర్శ రాయడానికి కొండకొమ్ము బడి నుంచి ముంగిస పిల్ల రవ్వ వచ్చింది.

రవ్వకు కోపం ఎక్కువ. మంచి కోపమే. ఎక్కడైనా అన్యాయం కనిపిస్తే తోక కుచ్చులా ఉబ్బిపోయేది. కానీ ఆ కోపానికి కావలసిన మాటలన్నీ చిలక బాబాయి దగ్గర అరువు తెచ్చుకున్నవి. చిలక బాబాయి కొన్నాళ్లు పట్నంలో ఉండి వచ్చాడు. అక్కడి గోడల మీద రాసి ఉన్నవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. "చప్పట్లు సంకెళ్లు!" "ఎటువైపో తేల్చుకో!" "పాతది కూలితేనే కొత్తది మొలుస్తుంది!" రవ్వ వీటిని పుట్ట మీదకెక్కి అరిచేది.

కిందటేడు విమర్శ చదివింది నెమలి పిల్ల. "అద్భుతం! అమోఘం! అందరూ బాగా చేశారు!" అని మూడు ముక్కలు చదివి కూర్చుంది. ఆ పొగడ్తకు ఆడినవాళ్లే సిగ్గుపడ్డారు. ఈసారి అలా జరగకూడదని రవ్వ పంతం. అందుకని నాటకం చూడకముందే మొదటి వాక్యం రాసి పెట్టుకుంది: "ఇది చచ్చిన నాటకం."

నాటకం మొదలయ్యే ముందు అడవి పెద్ద గట్టయ్య లేచాడు. ఆయన అడవిదున్న. పిల్లలంతా దున్న తాత అంటారు.

"ఈ ఏడు వానలు తక్కువ. పిల్లలు గంతులేసే ఈ గంటలో దుంపలు తవ్వితే నాలుగు కడుపులు నిండుతాయి. రేపు విమర్శ వింటాను. ఈ ఆటలో సరుకు లేదని తేలిందా, నాటకం గంట రేపటితో సరి" అన్నాడు.

మాలలు వేశాడు. మొదటి రంగం చూశాడు. మేతకు వెళ్లిపోయాడు.

నాటకం కథ ఇది. అడవంతా ఎండిపోయింది. ఒక్కటే మడుగు మిగిలింది. అందులో మొసలి రాజు ఉంటాడు. దాహంతో ఉన్న పిల్ల కోసం తల్లి జింక నీళ్లడగడానికి వస్తుంది. తల్లి జింక వేషం పంది పిల్ల బొండుది.

మొదటి రంగంలో తల్లి జింక మొసలి ముందు వంగింది.

"వంగింది! లొంగిపోయింది!" అని రవ్వ పళ్లు కొరికింది. తల వంచి రాయడం మొదలుపెట్టింది. రెండో రంగమంతా రాసింది. మూడో రంగమంతా రాసింది. మధ్యలో ఏదో దబ్బుమని పడ్డ చప్పుడైంది. చూస్తున్నవాళ్లంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. అయినా రవ్వ తల ఎత్తలేదు. "కుళ్లిన" కంటే గట్టి మాట ఏముందా అని వెతుక్కుంటోంది.

సాయంత్రం ఇంటిదారిలో తన బడి నేస్తం ఏదుపిల్ల ఎదురైంది.

"రవ్వా! సూర్యుడు పడ్డప్పుడు నా ముళ్లు నిలబడిపోయాయే! అది రాశావా?"

"ఏ సూర్యుడు?"

"అదేనే, మోదుగపూలు గుచ్చి పైన కట్టారు చూడు. తీగ తెగి మూడో రంగం మధ్యలో పడింది. బొండు ఏ మాత్రం తడబడలేదు. సూర్యుణ్ని ఒళ్లోకి తీసుకుని, 'నీక్కూడా దాహమేసిందా నాయనా' అంది. మొసలి వైపు తిరిగి, 'ముందు వీడికి నీళ్లు పొయ్యి' అంది. నువ్వు ముందు వరసలోనే ఉన్నావుగా!"

రవ్వ గబగబా ముందుకు నడిచింది.

కాస్త ముందుకెళ్లాక తాబేలు పంతులమ్మ ఎదురైంది. "ఏమ్మా, మూడో రంగం గురించి ఏం రాశావు?" అని అడిగింది.

"మొత్తం నాటకం గురించి రాశానండీ."

"మొత్తం అంటే అందులో మూడోది కూడా ఉంటుంది కదమ్మా" అని పంతులమ్మ తన దారిన మెల్లగా వెళ్లిపోయింది.

ఏటి దగ్గర బొండు మొహానికి పూసుకున్న రంగు కడుక్కుంటోంది. రవ్వను చూసి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, అక్కా! సూర్యుడు పడ్డప్పుడు నేనన్న మాట ఎవరూ రాసిచ్చింది కాదు. అప్పటికప్పుడు వచ్చేసింది. అలా అనొచ్చా, అనకూడదా? మా అమ్మనడిగితే నేను తుమ్మినా బాగుందంటుంది. నువ్వైతే నిజం చెబుతావు."

"రేపు చెబుతాను" అని రవ్వ గొణిగింది.

తెల్లవారింది. రెండు బళ్ల పిల్లలూ గట్టు మీద కూర్చున్నారు. ఆడినవాళ్లు ముందు కూర్చున్నారు. దున్న తాత మధ్యలో నిలబడ్డాడు.

రవ్వ చేతిలో టేకాకు ఉంది. దాని నిండా నిప్పులాంటి మాటలే. చదివితే సగం అడవి ఈలలు వేస్తుంది. చదివితే నాటకం గంట కూడా పోతుంది. నిన్నటిదాకా ఆ సంగతి రవ్వకు పట్టలేదు. ఈ రోజు ఎదురుగా బొండు కూర్చుని ఉంది.

కొమ్మ మీంచి చిలక బాబాయి కేక పెట్టాడు. "చదువు రవ్వా! విమర్శ కత్తి! మొద్దుబారనివ్వకు!"

రవ్వ టేకాకు మడిచేసింది.

"నేను చదవను" అంది. "నిన్న నేను ఒక్క రంగమే చూశాను. మిగతాదంతా తల వంచుకుని రాస్తూ కూర్చున్నాను. చూడనిదాన్ని తిట్టాను. నాటకం ఇంకోసారి ఆడండి. చూసి రాస్తాను."

గట్టంతా గొల్లున నవ్వింది. "ముందు వరసలో కూర్చుని నిద్రపోయిందా ఏంటి!" అని నక్కపిల్ల ఎగతాళి చేసింది. ఇంకెప్పుడూ తనను విమర్శకు పంపరని రవ్వకు తెలుసు. చెవులు కాలిపోతున్నాయి. అయినా కూర్చోలేదు.

దున్న తాత బుసకొట్టాడు. "ఒక్క రంగం చూసి తీర్పు చెప్పడానికి వచ్చావా? సిగ్గు లేదూ!"

"ఉంది తాతా, అందుకే చెప్పాను" అంది రవ్వ. "మీరు ఎన్ని రంగాలు చూశారు?"

గట్టు మీద నవ్వులు ఆగిపోయాయి. దున్న తాత కాలితో నేల గీకాడు. చాలాసేపు గీకాడు.

"ఒకటి" అన్నాడు చివరికి.

"నువ్వు బాబాయ్?"

చిలక బాబాయి రెక్క కింద ముక్కు దాచుకున్నాడు. "నేను... అసలు రానే లేదమ్మా."

పంతులమ్మ చిన్నగా దగ్గింది. "పిల్లలూ, తెర కట్టండి. పెద్దలూ, కూర్చోండి" అంది.

దున్న తాత కూర్చున్నాడు. నాటకం మళ్లీ మొదలైంది. రవ్వ ఈసారి ఒక్క అక్షరం రాయలేదు. రెప్ప వేయడానికి కూడా భయపడుతూ చూసింది.

మూడో రంగం వచ్చింది. సూర్యుడు పడలేదు. తీగ గట్టిగా కట్టారు కదా! బొండు ఒక్క క్షణం పైకి చూసి, రాసి ఉన్న మాటలే చెప్పుకుపోయింది. నిన్న జరిగింది నిన్నతోనే పోయిందని రవ్వకు అర్థమైంది. ఎంతమంది వర్ణించినా అది తనకు ఇక కనబడదు.

నాటకం అయ్యాక కొత్త టేకాకు తీసుకుని రాసింది. నిలబడి చదివింది.

"నిన్న సూర్యుడు పడ్డప్పుడు నేను చూడలేదు. అందుకని దాని గురించి చెప్పే హక్కు నాకు లేదు. బొండూ, క్షమించు. ఈ రోజు చూసింది చెబుతున్నాను.

"రెండో రంగం సాగదీశారు. మొసలి ఒకే బెదిరింపు మూడుసార్లు బెదిరించాడు. మొదటిసారి భయమేసింది. మూడోసారి ఆవలింత వచ్చింది. మాటలు వెనక వరసకు అందలేదు. కుందేళ్లు కూడా చెవులు రిక్కించి వినాల్సి వచ్చింది.

"తల్లి జింక వంగితే లొంగిపోయిందని నిన్న రాశాను. అది తప్పు. వంగినప్పుడు తన కళ్లు మొసలి మీద లేవు. మడుగు ఎంత లోతుందో చూస్తున్నాయి. ముందుకాలు వణుకుతోంది. భయపడుతూనే, ఎక్కడ దిగాలో ఆలోచిస్తోంది. ఆ వణుకు ఎవరూ రాసిచ్చింది కాదు. బొండు పట్టుకుంది.

"తీగల తెర వెనక ఉడుత పిల్ల నూగు కూర్చుంది. ఎవరైనా మాట మరిచిపోతే అందించాలని నాటకమంతా పెదాలతో పలుకుతూనే ఉంది. ఒక్క మాటా అందించాల్సిన పని పడలేదు. అయినా ఆపలేదు. నిన్న మాలలు వేసినప్పుడు నూగును ఎవరూ పిలవలేదు."

రవ్వ కూర్చుంది. ఎవరూ ఈలలు వేయలేదు. తెర వెనక నుంచి నూగు తొంగి చూసింది.

దున్న తాత లేచాడు. ఇలా అన్నాడు: "నేనూ ఇక్కడే కూర్చున్నాను. ఆ కాలు వణకడం నాకు కనబడలేదు. ఆ కళ్లు ఎటు చూస్తున్నాయో కనబడలేదు. ఈ పిల్ల చెప్పాకే కనబడింది." గొంతు సవరించుకున్నాడు. "కరువొస్తే అడవికి దుంపలు తవ్వేవాళ్లు కావాలి. మడుగు లోతు చూసేవాళ్లూ కావాలి. నాటకం గంట ఉంటుంది. నాటకం చూసి రాయడం నేర్పడానికి ఇంకో గంట పెట్టండి పంతులమ్మా. మధ్యలో లేచి వెళ్లిపోయిన పెద్దలు ఇకమీదట మాల ముట్టుకోకూడదు. నిన్నటిదాకా అలా లేచి వెళ్లినవాళ్లలో మొదటివాణ్ని నేనే."

గట్టు మీద పిల్లలు ఎగిరి గంతులేశారు. నక్కపిల్ల రవ్వ వీపు మీద చరిచి, "మళ్లీ ఇక్కడ ఆడినప్పుడు కూడా నువ్వే రావాలి, ఈసారి కళ్లు కూడా తెచ్చుకో" అంది.

బొండు మాత్రం గంతులేయలేదు. ముట్టె ముడుచుకుని రవ్వ దగ్గరకు వచ్చింది.

"అక్కా, రెండో రంగం సాగదీశామన్నావు. నేను ఒప్పుకోను. మొసలి మూడుసార్లు బెదిరించకపోతే తల్లి జింకకు తెగింపు ఎక్కడి నుంచి వస్తుంది?"

"రెండుసార్లు చాలు."

"చాలవు!"

"అయితే ఏటి దగ్గర ఆడి చూపించు. రెండుసార్లు ఒక తీరు, మూడుసార్లు ఒక తీరు. చూసి చెబుతాను."

ఇద్దరూ వాదించుకుంటూ ఏటి వైపు నడిచారు. నూగు వాళ్ల వెంట పరుగెత్తింది.

నీతి: పిల్లల కళను మెచ్చుకోవాలన్నా, తప్పుపట్టాలన్నా ముందు దాన్ని చివరిదాకా కళ్లు తెరుచుకుని చూడాలి. చూడకుండా పొగిడినా, చూడకుండా తిట్టినా వాళ్లను ఒంటరివాళ్లను చేసినట్టే.