మూడో మలుపు దగ్గర మోత

అనగనగా, పెట్రోలు డబ్బాల్లో నింపి ఎద్దుబండి మీద తెచ్చే కాలం. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, కునికేవాళ్ళు కునకండి. కథ మాత్రం కనుమ ఎక్కాల్సిందే.

ఆ కనుమకు ఇవతల మా పల్లె, అవతల ఆసుపత్రి. నడుమ మలుపు మీద మలుపు తిరిగే కొండదారి. పల్లెలో ఓబుళేసు, ఆయన భార్య సుంకులమ్మ. ఆ తల్లికి రెండు కాన్పులూ చేదే. నొప్పులు ముదిరి, ఎద్దుబండి కట్టి, కనుమ సగం ఎక్కేసరికే రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. రెండో బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన ఓబుళేసు, ఉన్న ఒక్క చేనూ అమ్మి పాత కారు కొన్నాడు. పగలు బాడుగకు తిప్పేవాడు. మనసులో మాత్రం ఆ కారు సుంకులమ్మ కోసమే.

మూడోసారి ఆమె నీళ్ళోసుకుంది. సరిగ్గా అప్పుడే కారు నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది. ఇంజన్ విప్పక తప్పదు.

రోడ్డు పక్కన రేకుల కొట్టంలో దస్తగిరి ఉండేవాడు. దూదేకుల ఆయన. తాత దూది ఏకాడు, తండ్రి పరుపులు కుట్టాడు, ఈయన ఇంజన్లు పట్టాడు. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన.

"అన్నా, సుంకులును నీ చెల్లెలనుకో. ఈ బండి కనుమ దాటాల" అన్నాడు ఓబుళేసు.

"అనుకునేదేముందిరా, చెల్లెలే కదా" అన్నాడు దస్తగిరి.

ఇంజన్ దించాడు. గోనెపట్టా మీద ముక్క ముక్కా పరిచాడు. కిరసనాయిలుతో కడిగాడు, అరిగినవి మార్చాడు, మళ్ళీ కూర్చాడు. బిస్మిల్లా అని తిప్పితే ఇంజన్ అందుకుంది. చప్పుడే లేదు.

టీ అంగడి నారాయణ చెవి పెట్టి విని నవ్వాడు. "ఏమన్నా, లోపల ఇంజన్ పెట్టినావా, దూది పెట్టినావా?"

దస్తగిరి మురిసిపోయాడు.

మరునాడు ఓబుళేసు కారును కనుమ ఎక్కించి చూశాడు. మొదటి మలుపు, వెన్న. రెండో మలుపు, వెన్న. మూడో మలుపులో దగ్గు. ఒక దగ్గు, రెండు దగ్గులు, ఆపైన గుక్కపట్టి ఆగిపోయింది. దిగువకు దొర్లించుకుంటూ కొట్టానికి తెచ్చేసరికి ఇంజన్ చల్లబడింది. తిప్పితే మళ్ళీ వెన్న!

"పెట్రోల్లో నీళ్ళు కలిసుంటాయి" అన్నాడు నారాయణ. పెట్రోలు మార్చారు. కింద వెన్న, మూడో మలుపులో దగ్గు.

"ప్లగ్గులు పాడు" అన్నాడు లారీ నడిపే గంగన్న. ప్లగ్గులు మార్చారు. కింద వెన్న, మూడో మలుపులో దగ్గు.

"ఆ మలుపులో నా మనవళ్ళు పోయినారు. అక్కడేదో ఉండాది" అంది ఓబుళేసు తల్లి మద్దమ్మ. నిమ్మకాయలు తొక్కించారు, కోడిని దిగదుడిచారు. కింద వెన్న, మూడో మలుపులో దగ్గు.

ఇక జనం నోళ్ళు ఊరుకుంటాయా? "దూదేకే చేతికి ఇనుమిస్తే ఇంతే" అన్నారు. దస్తగిరి మాత్రం పెట్రోలునూ అనలేదు, దయ్యాన్నీ అనలేదు. "కూర్చింది నేను. తప్పు నా చేతిలోనే యాడో ఉండాల" అనుకుంటూ, మాటిమాటికీ ఇంజన్ ముందే కూర్చునేవాడు. కొట్టంలో చల్లగా ఉన్న ఇంజన్ ఏం చెబుతుంది? ఏమీ చెప్పలేదు.

అంతలో ఒక పొద్దున సుంకులమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

కారు వాకిట్లోకి వచ్చింది. సుంకులమ్మ ఎక్కింది, మద్దమ్మ ఎక్కింది. దస్తగిరి పనిముట్ల సంచి చంకన పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

"నువ్వెందుకయ్యా?" అంది మద్దమ్మ.

"అది దగ్గేటప్పుడే పక్కన ఉండాల అవ్వా. బాగున్నప్పుడు అడిగితే రోగం ఎవరు చెప్తారు?"

మొదటి మలుపు, వెన్న. రెండో మలుపు, వెన్న. మూడో మలుపులో దగ్గు.

"తిప్పరా వెనక్కి! మంత్రసాని ఉండాది, ఇంటికి పోదాం" అని మద్దమ్మ కేకలు. ఓబుళేసు ఇంజన్ ఆపబోయాడు.

"ఆపొద్దు, దగ్గనీ" అన్నాడు దస్తగిరి. చక్రాలకు రాళ్ళు పెట్టి, మూత ఎత్తాడు. "ఓబుళేసూ, నరసింహసామి పల్లకీ నలుగురు మోస్తాంటే, ఎవడు బరువు పట్టలేదో ఎట్ల తెలుస్తాది? ఒక్కొక్కణ్ణీ తప్పుకోమంటే సరి. ఎవడు తప్పుకుంటే పల్లకీ వంగదో, వాడు మోయనట్టే."

ఇంజన్‌లోనూ నలుగురే, నాలుగు సిలిండర్లు. పొడిగుడ్డతో మొదటి ప్లగ్గు వైరు పీకాడు. ఇంజన్ తూలింది. పెట్టాడు. రెండోది పీకాడు. తూలింది. పెట్టాడు. మూడోది పీకాడు. తూలలేదు.

"వీడే!"

ఇంజన్ ఆపి, మూడో ప్లగ్గు ఊడదీశాడు. ఆ బెజ్జం మీద బొటనవేలు అదిమి, ముందున్న హ్యాండిల్ తిప్పమన్నాడు. వేలు చుర్రుమంది కానీ గాలి తన్నలేదు. లోపల ఊపిరి నిలవడం లేదు. దస్తగిరి కళ్ళు మూసుకున్నాడు. ఆయనకు తెలిసిపోయింది.

ఇంజన్‌లో ఊపిరికి చిన్న తలుపులుంటాయి. వాటిని నొక్కే ఇనుప చేతులుంటాయి. చేతికీ తలుపుకూ నడుమ సన్నని రేకు దూరేంత సందు వదలాలి. ఆ సందు వల్లే ఇంజన్ టకటకమంటుంది. వేడెక్కితే ఇనుము ఒళ్ళు చేస్తుంది. సందు లేకపోతే చెయ్యి తలుపు మీదే ఉండిపోతుంది, తలుపు మూసుకోదు, ఊపిరి జారిపోతుంది.

"అమ్మా సుంకులూ," అన్నాడు తలవంచుకుని, "నిండు చూలాలివి, మోత నీకు పడదేమోనని సందంతా బిగించేసినా. తప్పు నాదే తల్లీ. ఇప్పుడు వదులు చేస్తే బండి పోతాది. కానీ మోత మోతగా పోతాది."

సుంకులమ్మ నొప్పిని పంటి కింద నొక్కిపెట్టి అంది. "రెండుసార్లు బిడ్డ ఏడుస్తాదని చెవులు రిక్కించి, ఏమీ వినలేదన్నా. నిశ్శబ్దం నాకు వద్దు. మోత పెట్టన్నా, ఎంత మోతైనా పెట్టు."

కాగిన ఇనుము మీద చేతులు కాలుతుంటే, దస్తగిరి ఒక్కో సందూ రేకు పెట్టి చూసి వదిలాడు. మద్దమ్మ కేకలు మానింది. తన కొంగు చింపి ఆయన వేళ్ళకు చుట్టింది.

తిప్పారు. టకటక, టకటక, టకటక. మూడో మలుపు దాటింది. ఆపై మలుపులన్నీ దాటింది. కొండంతా మోగుతూ కారు అవతలికి దిగింది. నరసింహసామి దాటించాడు అంది మద్దమ్మ. అల్లా దాటించాడు అన్నాడు దస్తగిరి. ఇద్దరూ ఒకరికొకరు దండం పెట్టుకున్నారు.

పొద్దు వాలకముందే ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టీపుట్టగానే కెవ్వున ఏడ్చింది. బయట బెంచీ మీద ఆ ఏడుపు విని, దస్తగిరి కట్టు కట్టిన చేతుల్లో మొహం దాచుకున్నాడట. పిల్లకు దస్తగిరమ్మ అని పేరు పెట్టారు. ఆమే మా జేజి, మా నాయనను కన్న తల్లి.

చానా ఏళ్ళకు దస్తగిరి పోయాడు. రాతి గోరీ కట్టించేవాళ్ళెవరూ లేకపోయారు. కొత్తగా వచ్చిన మేస్త్రీ ఎవరి ఇంజనో చప్పుడు లేకుండా బిగించి ఇచ్చాడు. కారు మూడో మలుపులో దగ్గింది. ముసలి ఓబుళేసు కర్ర ఊతంతో వెళ్ళి, మెల్లగా అడిగాడు. "'దస్తగిరి సందు' వదల్లేదా నాయనా?"

అప్పటినుంచి ఆ మాట నిలిచిపోయింది. ఇంజన్ కొత్తగా కూర్చినవాళ్ళు బండిని మూడో మలుపు దాకా ఎక్కిస్తారు. మూత ఎత్తి, వేడి మీద మోత విని, "అన్నా, సందు వదిలినాం" అని చెప్పి ముందుకు పోతారు. ఆయన గోరీ ఎక్కడో ఎవరికీ తెలియదు. ఆ మలుపుకే మొక్కుతారు.

మా పక్క ఇళ్ళలో చంటిబిడ్డ ఎంత గుక్కపట్టి ఏడ్చినా ఎవరూ కసురుకోరు. బిడ్డను భుజాన వేసుకుని, వీపు తడుతూ అంటారు. "ఏడవనీలే, కొండెక్కే బండి. మోత ఉంటాది."